ర్యామ్ కంటే ముందు ఫైల్‌ని చూడండి

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలోకి క్లిప్పులు ఇంపోర్ట్ చేయగానే అది బిగుసుకుపోతుంటే కంప్యూటర్‌లో ర్యామ్ పెంచుకోమని ఒక వ్యాసంలో రాశారు. డబ్బు పెట్టే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయండి. కెమెరా కార్డు నుంచి నేరుగా లాగకండి. కార్డులోని ఫోల్డర్లన్నీ ఉన్నవున్నట్టుగా కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్)లోకి కాపీ చేసి, అక్కడి నుంచే ఇంపోర్ట్ చేయండి.

అసలు తంటా ఫోన్ వీడియోలతోనే. వాటిలో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లన్నది) నిలకడగా ఉండదు. దానివల్లే తర్వాత ఆడియో కూడా పెదాలతో కలవదు. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఫైల్ తెరిచి ‘ఫ్రేమ్ రేట్ మోడ్’ దగ్గర ‘వేరియబుల్’ (మారుతూ ఉండేది) అని కనిపిస్తే వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో వేయండి: వీడియో ట్యాబ్‌లో హెచ్.264, ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 16 నుంచి 18, కాన్‌స్టంట్ (స్థిరమైన) ఫ్రేమ్‌రేట్. రేటును ‘సేమ్ యాజ్ సోర్స్’ అని వదిలేయకుండా 30 అనో, 60 అనో మీరే ఎంచుకోండి. హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడలు, రంగులు ఎక్కువగా పట్టే మోడ్‌లో) తీసిన 10 బిట్ క్లిప్పులకు మాత్రం ఇది పనికిరాదు, రంగులు పాడవుతాయి. వాటిని షటర్ ఎన్‌కోడర్ అనే మరో టూల్‌లో ఎడిటింగ్‌కు వాడే ప్రోరెస్ 422 ఫార్మాట్‌కి మార్చండి. సైజు బాగా పెరుగుతుంది, డిస్క్‌లో చోటు చూసుకోండి.

అప్పటికీ ఆగిపోతుంటే ప్రాజెక్టులన్నీ మూసి, ప్రీమియర్ ప్రో ప్రిఫరెన్సెస్‌లోని మీడియా క్యాష్ (తాత్కాలిక ఫైళ్ల) విభాగంలో ‘డిలీట్’ నొక్కండి. తర్వాత క్లిప్పులను సగం సగంగా ఇంపోర్ట్ చేస్తూ పోతే పాడైన ఫైల్ ఏదో దొరికిపోతుంది.