“ఎక్కడ అంటించుకొచ్చావ్” అని నర్సును అడిగే ముందు

మా అక్క స్టాఫ్ నర్సు. కొవిడ్ రెండో వేవ్‌లో తనకు పాజిటివ్ వచ్చిన రోజు ఆసుపత్రిలో పైవాళ్లు అడిగిన మొదటి మాట, “ఎక్కడ అంటించుకొచ్చావ్?” పీపీఈ కిట్‌లో చెమటకు నానిపోయి, ఇంటికొచ్చాక పిల్లల్ని తలుపు అవతల నుంచే పలకరించిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? అక్క దగ్గర జవాబు లేదు. జవాబు దొరికే చోటు తన స్వాబ్, దాన్ని టెస్టయిపోగానే పారేశారు.

ఆర్టీపీసీఆర్ వైరస్ ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. జీనోమ్ సీక్వెన్సింగ్ ఆ వైరస్ జన్యుక్రమంలో ఉన్న దాదాపు 30 వేల అక్షరాలనూ, అంటే రసాయన గుర్తులనూ, వరసగా చదువుతుంది. ఈ వైరస్ మనిషి నుంచి మనిషికి పాకుతూ నెలకు సుమారు రెండు అక్షరాలు మార్చుకుంటుంది. అందుకే ఒకే వార్డులోని నర్సుకు, ఆయాకు, మంచం మీది పేషెంటుకు వచ్చిన వైరస్‌లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఏడెనిమిది అక్షరాల తేడా ఉంటే, ఈమధ్య ఒకరి నుంచి ఒకరికి అంటింది కాదని గట్టిగానే చెప్పొచ్చు. తేడా లేకపోతే మాత్రం తొందరపడకూడదు. ఊరంతా అదే వైరస్ తిరుగుతుంటే ఇద్దరికీ బయటే విడివిడిగా సోకి ఉండొచ్చు కదా. డ్యూటీ చార్టు, ఎవరు ఎవరితో కలిసి మాస్కు తీసి టీ తాగారు, ఇవన్నీ పక్కన పెట్టుకునే చదవాలి. 2020 మార్చిలో నెదర్లాండ్స్ దక్షిణాన మూడు ఆసుపత్రుల్లో ఇలా చూస్తే, వైరస్ బయటి నుంచి సిబ్బందిలోకి ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చిందని తేలింది.

మన దేశంలో నాకు బాగా గుర్తున్నది గ్రేటర్ నోయిడా ప్రభుత్వ వైద్య సంస్థ సంగతి. అక్కడ ఇద్దరు సిబ్బందికి 2020 మేలో ఒకసారి, మూడు నెలలు దాటాక మరోసారి పాజిటివ్ వచ్చింది. రెండుసార్లూ జ్వరం లేదు, దగ్గు లేదు, రొటీన్‌గా టెస్టులు చేస్తుంటే బయటపడింది. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ సీక్వెన్స్ చేసి, మొదటి వైరస్ వేరు, రెండోది వేరు అని చూపించింది. అందులో ఒకరి రెండో వైరస్‌లో ఎన్440కె అనే మ్యుటేషన్ (జన్యుక్రమంలో మార్పు) కనిపించింది.

ఆ పేరు మనకు కొత్త కాదు. 2021 మేలో “ఏపీ స్ట్రెయిన్” అని టీవీలు హోరెత్తించింది దీని గురించే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. అప్పటికే ఎన్440కె తగ్గిపోతోందని, దాని స్థానంలో బి.1.617 అనే వైరస్ రకం పెరుగుతోందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సీక్వెన్సులు చూసి చెప్పారు. ఆ మాట ముందే అందరికీ చేరి ఉంటే జనం అంత టెన్షన్ పడేవాళ్లు కాదు, మనవాళ్లకు అంత అవమానమూ ఉండేది కాదు.

ఆ బి.1.617 కుటుంబంలోదే డెల్టా. కొవిషీల్డ్ వేసుకున్నాక కూడా కొవిడ్ సోకిన వైద్య సిబ్బందిని ఢిల్లీలో మూడు ఆసుపత్రుల్లో, 130 మందికి పైగా పరిశీలిస్తే, మిగతా రకాల మీద కంటే డెల్టా మీద టీకా తక్కువగా పనిచేసిందని తేలింది. టీకా అందరికంటే ముందు వేసుకున్నది వాళ్లే, వైరస్‌కు అందరికంటే ఎక్కువ దగ్గరగా ఉన్నదీ వాళ్లే, అందుకే టీకా ఎక్కడ తడబడుతోందో ముందు వాళ్ల స్వాబుల్లోనే కనిపిస్తుంది.

కరోనా వైరస్‌ను సీక్వెన్స్ చేసే ల్యాబుల జాతీయ కూటమి ఇన్సాకాగ్ 2020 డిసెంబరులో పది ల్యాబులతో మొదలైంది. అందులో మన సీసీఎంబీ, హైదరాబాద్‌లోనే ఉన్న డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలోనూ సీక్వెన్సింగ్ ల్యాబు పెట్టారు. కాబట్టి మెషిన్లు లేవనే సాకు ఇక చెల్లదు. ఒక వార్డులో వారం తిరక్కుండా ఇద్దరు సిబ్బందికి పాజిటివ్ వస్తే ఆ స్వాబులు పారేయకుండా ఐస్ బాక్సులో ల్యాబుకు పంపాలి, లక్షణాలు లేనివాళ్లవి కూడా. వైరస్ మరీ తక్కువగా ఉన్న శాంపిల్ సరిగ్గా చదవడం కుదరదు కాబట్టి సీటీ వాల్యూ (వైరస్ ఎంత తక్కువుంటే అంత పెరిగే ఆర్టీపీసీఆర్ అంకె) 30 దాటినవి పక్కన పెట్టినా పర్లేదు. రిజల్టు మాత్రం రోజుల్లో రావాలి. నెల తర్వాత వచ్చేది పరిశోధనకు పనికొస్తుందేమో గానీ, ఆ వార్డులో ఉన్నవాళ్లకు ఎందుకు?

ఆ రిపోర్టు ఎవరి సర్వీసు రికార్డులోకీ ఎక్కకూడదు. మెమో ఇవ్వడానికి వాడతారని తెలిస్తే ఏ నర్సూ, ఏ వార్డు బాయ్ తనంతట తాను వచ్చి టెస్టు చేయించుకోరు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుతో పాటు, ఆ స్వాబ్ ఇచ్చిన మనిషి చేతికి కూడా అదే రోజు అందాలి.