పుష్యరాగపు ముడిరాయికి బెజవాడ నుంచి ఒక జాబు

మహారాజశ్రీ పుష్యరాగపు ముడిరాయి గారికి,

నమస్కరించి వ్రాయునది. ఎండలు తప్ప ఇక్కడ అందరం క్షేమం.

మిమ్మల్ని పిండి కొట్టి, నురుగులో తేల్చి, కొలిమి ఇటుకలు చేస్తారని విన్నాను. ఈ మాట బీసెంట్ రోడ్డులో ఎవరి చెవినా వేయకండి. అక్కడ మీరు అద్దాల పెట్టెలో మఖమల్ మీద కూర్చుని ఉన్నారు. మీరు టోపాజ్. అసలైన కనక పుష్యరాగం కెంపులు పుట్టే కురువిందం జాతిది, మీకు చుట్టం కాదు. దాని ధరకు తూగలేని మా బావగారి లాంటి వారికే మిమ్మల్ని చూపిస్తారు. ఆయన గురుబలం కోసం కొన్నారు. రాయి ఒంటికి తగలాలని అడుగు తెరిచి కట్టిన ఉంగరం, గురువారం పొద్దున్నే పాలలో ముంచడం, చూపుడు వేలికి తొడగడం, అన్నీ యథావిధిగా జరిగాయి. ప్రమోషన్ ఒక్కటే రాలేదు.

అమెరికాలోనూ మీది బదులు బతుకే కదా! దక్షిణ కెరొలైనాలోని బ్రూవర్ బంగారు గనిలో మీరు కుప్పలుగా కనబడితే, కొలిమి ఇటుకల కోసం అప్పట్లో మన దేశం నుంచి తెప్పించుకునే కయనైట్ ఖనిజానికి బదులు పనికొస్తారా అని పరీక్షించారు.

కాఠిన్యం 8 అని మీకు గర్వం. మిల్లు ముందు ఆ పప్పులుడకవు. మీ సాపేక్ష సాంద్రత సుమారు 3.5, మిమ్మల్ని అంటిపెట్టుకున్న పలుగురాయిది 2.65. ఆ తేడా చాలు, మా అమ్మ బియ్యం గాలించినట్టు నీళ్లలో కుదిపి ఇద్దరినీ విడదీస్తారు. మరీ మెత్తని పొడి అయితే పదో తరగతిలో మేమంతా బట్టీ పట్టిన ప్లవన ప్రక్రియ. నూనెల్లో ఉండే ఒలీయిక్ ఆమ్లం కలిపి గాలి ఊదుతారు. మీరు ఒంటికి జిడ్డు పట్టించుకుని, దొరికిన బుడగను పట్టుకుని పైకి తేలతారు. ఏ జిడ్డూ అంటని పలుగురాయి ఖనిజ మాలిన్యమై అడుగున మిగులుతుంది. బావగారి ఆఫీసులో పైకొచ్చిన వాళ్లందరిదీ ఇదే పద్ధతి. ఉంగరం కొనకముందే ఆయనకు ఎవరైనా చెప్పవలసింది.

ఇనుము అంటిన రేణువులను అయస్కాంతం ఏరేస్తుందట. ఇనుము శని లోహం. జ్యోతిషం నిజమైన చోటు నాకు తెలిసి ఇదొక్కటే: ఇనుము మిగిలిన ఇటుక పెద్ద వేడికి ముందే మెత్తబడుతుంది.

ఆ తర్వాత మిమ్మల్ని గట్టిగా కాలిస్తే, మీలోని ఫ్లోరిన్ సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువై లేచిపోతుంది, ముల్లైట్ అనే కొలిమి ఇటుకల పదార్థం మిగులుతుంది. అది 1,800 డిగ్రీల వరకు కరగదు. బాగానే ఉంది గానీ, ఆ పొగను కడగకుండా మాత్రం వదలకండి. ఫ్లోరైడ్ చేసే పని నల్లగొండ, ప్రకాశం జిల్లాల మోకాళ్లకు బాగా తెలుసు.

ఇంతకీ ఈ జాబు రాయడానికి కారణం వేరే ఉంది. గురుడు కుదరలేదు, శనికి నీలం పెట్టమని సిద్ధాంతి గారు సెలవిచ్చారు. నీలమణికి డబ్బు చాలక, బావగారు మళ్లీ మీ నీలిరంగు తమ్ముడి దగ్గరే ఆగారు. రంగులేని రాయికి రేడియేషన్ తగిలించి, కాల్చి తెప్పించిన నీలమని చెప్పినా వినలేదు. పాత ఉంగరం కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. రాయి సరిగ్గా అయిదు కేరట్లు, అంటే ఒక గ్రాము. మీ మిల్లులో టన్ను ఏ ధరకు కొంటున్నారో, ఆ లెక్కన దీనికి ఎంత వస్తుందో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
బావగారి బావమరిది