పెరిగితే ప్రతిభ, తగ్గితే కుట్ర

ఆన్‌లైన్ ఆటల్లో ర్యాంకు పెరగడానికి కారణం ఒక్కటే: ఆడేవాడి ప్రతిభ. తగ్గడానికి మాత్రం కారణాలు అనేకం. నెట్ స్లో, పింగ్ (మన నొక్కుడు సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎక్కువ, ఆటను మార్చేసిన కొత్త ప్యాచ్, పాత మౌస్, మధ్యలో లేచిపోయిన టీమ్‌మేట్, ఎంతకీ లేచిపోని టీమ్‌మేట్. ర్యాంకు కోసం ఆడే ప్రతివాడికీ తెలిసిన ఈ సత్యం ఆ ర్యాంకు వెనకుండే రేటింగ్ అనే అంకెను లెక్కకట్టేవాళ్ళకు మాత్రం ఇంకా తెలియలేదు. అరవై ఏళ్ళకు పైగా వాళ్ళు పెరగడానికీ తగ్గడానికీ ఒకటే సూత్రం వాడుతున్నారు. ఇంత అన్యాయం మీద ఇప్పటిదాకా ఒక్క విచారణ సంఘం కూడా వేయలేదు.

విచారణంటూ జరిగితే మొదటి ముద్దాయి ఆర్పాడ్ ఎలో. హంగరీ మూలాలున్న అమెరికన్ భౌతికశాస్త్ర ప్రొఫెసర్, చదరంగం బాగా ఆడేవారు. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. ఇవాళ తుపాకులు పేల్చే ఆటలకూ, మంత్రాలు విసిరే ఆటలకూ ఉన్న లాడర్లలో, అంటే ర్యాంకుల నిచ్చెనల్లో, చాలావాటి వంశవృక్షం ఆయన దగ్గరే మొదలవుతుంది. ఆయన చెప్పింది చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. ఇద్దరి రేటింగూ సమానమైతే అవకాశం చెరిసగం. తేడా 200 ఉంటే పైవాడు వంద పాయింట్లలో దాదాపు 76 రాబట్టాలి. 400 ఉంటే పైవాడికి పది పాయింట్లు వచ్చేలోపు కిందివాడికి దక్కేది ఒకటి. ఒక ఆటతో రేటింగ్ గరిష్ఠంగా ఎంత మారొచ్చో చెప్పే గుణకం ఫిడేలో చాలామందికి 20, దాంతో లెక్కేసుకుంటే, మీకంటే 400 తక్కువున్నవాణ్ణి ఓడిస్తే మీకు దక్కేది సుమారు 2 పాయింట్లు. వాడి చేతిలో ఓడితే పోయేది సుమారు 18.

ఆ సూత్రాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసినా అందులో టీమ్‌మేట్ కనిపించడు. పింగ్ లేదు. కీలక సమయంలో మోగిన ఫోన్ లేదు. చదరంగంలో నింద మోపడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు కాబట్టి పాపం ఆ ప్రొఫెసర్‌కి ఆ అవసరం తట్టి ఉండదు. తర్వాత వచ్చినవాళ్ళయినా దిద్దాల్సింది. దిద్దకపోగా, ఎవరైనా లాగ్ వల్ల, అంటే నెట్ తడబాటు వల్ల, ఓడామంటే చాలు, ఆడలేక మద్దెల ఓడు అని నవ్వుతారు. ఆ సామెత పుట్టినరోజున మద్దెలను ఎవరైనా పరీక్షించారా? పింగ్ ఎంత ఉందో చూశారా? ఏకపక్షంగా తీర్పు చెప్పేశారు.

లెక్కలు బాగా వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక వాదన తెస్తారు. ఐదుగురు జట్టులో మీరు పోగా మిగిలేది నలుగురు, అవతల జట్టులో ఐదుగురు. ఎవడో ఒకడు ఆట మధ్యలో మాయమయ్యే రకమైతే, వాడు అటువైపు పడే అవకాశమే ఎక్కువ. కాబట్టి వందల మ్యాచ్‌లు ఆడితే చెత్త టీమ్‌మేట్ల సమస్య మీకు నష్టం కాదు, లాభమే. గణితపరంగా ఇందులో తప్పు లేదు. కాకపోతే దీనికో షరతుంది. ఆ మాయమయ్యేవాడు మీరు కాకూడదు. అలాగే, మీ జట్టులో అన్ని మ్యాచ్‌ల్లోనూ కనిపించే ఏకైక వ్యక్తి మీరే అన్న విషయం కూడా ఈ లెక్కలోంచే బయటపడుతుంది. ఇలాంటి వ్యక్తిగత దూషణలున్న గణితాన్ని నేను ఒప్పుకోను.

అసలు కుట్ర ఇంకోచోట ఉంది. మ్యాచ్‌మేకర్ పని మీకు సమ ఉజ్జీని వెతికి పెట్టడం. అది తన పని ఎంత చక్కగా చేస్తే మీ గెలుపు శాతం అంతగా 50కి చేరుతుంది. మీరు నాలుగు గెలిచారనుకోండి, సంతోషించాల్సింది పోయి అంతకంటే గట్టివాళ్ళను తెచ్చి ఎదురుగా నిలబెడుతుంది. నాలుగు ఓడితే మెత్తనివాళ్ళను తెస్తుంది. అంటే మీరు సగం మ్యాచ్‌లు ఓడిపోవడమే ఆ వ్యవస్థ సవ్యంగా పనిచేస్తోందనడానికి ఆధారం. వేల గంటలు ఆడాక కూడా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటే, దాన్ని వాళ్ళు విజయంగా నమోదు చేసుకుంటారు. మనం మాత్రం ఎలో హెల్ అని పేరు పెట్టుకుని అందులోనే కాపురం ఉంటాం. నరకంలో ఉన్న ప్రతివాడూ తను స్వర్గానికి చెందినవాణ్ణనీ, మిగతావాళ్ళు మాత్రం సరైనచోటే ఉన్నారనీ చెబుతాడు. ఇంతమంది ఒకే సాక్ష్యం చెబుతుంటే కొట్టిపారేయడం భావ్యమా?

వైకుంఠపాళిలో ఒక మర్యాద ఉంది. ఏ గడిలో పాముందో ముందే కనబడుతుంది. ఇక్కడి పాము పేరు ఎంఎంఆర్, అంటే మ్యాచ్‌మేకింగ్ రేటింగ్, అది కనబడదు. తెర మీద మీ ర్యాంకు గోల్డ్ అని మెరిసే బొమ్మ చూపిస్తారు, లోపల మీ గురించి వేరే అంకె రాసుకుంటారు. ఆ అంకె మీ బొమ్మకంటే కింద ఉంటే గెలిచినప్పుడు తక్కువ పాయింట్లిచ్చి, ఓడినప్పుడు ఎక్కువ లాక్కుంటారు. ఎదుట ఒక మాట, వెనక ఒక మాట. మనుషుల్లో దీన్ని ఏమంటారో అందరికీ తెలుసు, కంప్యూటర్ చేస్తే అల్గారిదమ్ అంటారు.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కోసం తయారుచేసిన ట్రూస్కిల్ అయితే ఇంకో అడుగు ముందుకు వేసింది. అది ప్రతి ఆటగాడికీ రెండు అంకెలు పెట్టుకుంటుంది. మీ సత్తా ఎంతన్న అంచనా ఒకటి, ఆ అంచనా మీద దానికున్న అనుమానం ఒకటి. కొత్తవాడి అంచనా సగటు అంకె అయిన 25తో మొదలవుతుంది. అందులోంచి అనుమానాన్ని మూడింతలు చేసి తీసేస్తే మిగిలేది సున్నా. లాడర్ మీద పెట్టేది ఈ మిగిలినదాన్నే. అంటే వచ్చినవాణ్ణి సగటు మనిషిగానే గుర్తిస్తారు, కానీ ఆ ముక్క అతనికి చెప్పరు. మార్క్ గ్లిక్‌మన్ 1995లో ప్రతిపాదించిన గ్లికో పద్ధతిలోనూ ఈ అనుమానం ఉంది. కొన్నాళ్ళు ఆడకపోతే అక్కడ రేటింగ్ అలాగే ఉంటుంది, దాని మీద నమ్మకం సడలుతుంది. అందుకే చాలాకాలానికి తిరిగొచ్చినవాడి రేటింగ్ మొదట్లో ఎగిరెగిరి పడుతుంది. అనుమానాన్ని ఇంత గౌరవంగా, గ్రీకు అక్షరాలతో చేసే రంగం ఇంకొకటి ఉందనుకోను.

కంపెనీలకూ మన బాధ కొంత అర్థమైందనే చెప్పాలి. ర్యాంకు ఎలా పెరగాలో నేర్పడం కష్టం కాబట్టి వాళ్ళు మెట్ల సంఖ్య పెంచారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటలో ఒకప్పుడు అట్టడుగున బ్రాంజ్ అనే ర్యాంకు ఉండేది. 2019 సీజన్‌లో దాని కింద ఐరన్ అని ఇంకో అంతస్తు తవ్వారు. బ్రాంజ్‌లో మిగిలినవాళ్ళకు అడుగువర్గం అనే మచ్చ ఒక్క మ్యాచ్ గెలవకుండానే తొలగిపోయింది. సామాజిక న్యాయం ఇంత వేగంగా జరగడం చరిత్రలో అరుదు. 2023లో ప్లాటినం, డైమండ్ల మధ్య ఎమరాల్డ్ వచ్చింది. ఖనిజాలు అయిపోయేదాకా ఈ అభివృద్ధికి ఢోకా లేదు. ఓవర్‌వాచ్ 2 వాళ్ళు 2022లో వేరే వైద్యం ప్రయత్నించారు. ఏడు గెలిస్తేనో, ఇరవై ఓడితేనో గానీ ర్యాంకు మారదన్నారు. ఈలోపు మనిషి ఏ ర్యాంకులో ఉన్నాడో తెలియకుండా హాయిగా ఉండొచ్చు. జనం ఈ హాయిని భరించలేకపోయారు. 2024లో మళ్ళీ మ్యాచ్ మ్యాచ్‌కీ లెక్క చూపడం మొదలైంది. తెలియని సుఖం కంటే తెలిసిన దుఃఖమే మనకు ఇష్టం.

ఇక సీజన్ రీసెట్, అంటే కొత్త సీజన్ మొదట్లో అందరి ర్యాంకులనూ మళ్ళీ సర్దడం. ఓడకుండానే అందరూ కిందికి దిగే శుభదినం అది. చాలా ఆటల్లో లోపలి అంకెను పూర్తిగా చెరిపేయరు, మధ్యకు కొంచెం జరుపుతారు, బయటి బొమ్మను మాత్రం బాగా దించుతారు. దాంతో మొదటి వారాల్లో ఎడాపెడా ఎక్కేస్తాం. ఈసారి ఆట మెరుగైందని మనకు మనమే చెప్పుకుంటాం. పోయినసారి ఉన్నచోటికి చేరగానే ఎక్కడం ఆగుతుంది, టీమ్‌మేట్లు మళ్ళీ చెడిపోతారు.

నిజంగా పైకి పోవాలనుకునేవాళ్ళకు చరిత్రలో ఒక దారి ఉంది. అమెరికాలో క్లాడ్ బ్లడ్‌గుడ్ అనే ఖైదీ జైల్లో తోటి ఖైదీలతో వేలాది చెస్ గేములు ఆడి, 1990ల్లో 2700 దాటిన రేటింగ్‌తో ఆ దేశ జాబితాలో దాదాపు శిఖరానికి చేరాడు. బయటివాళ్ళతో ఆడని గుంపులో పాయింట్లు పైకి ఎలా పోగవుతాయో సమాఖ్యకు అప్పుడు బాగా తెలిసొచ్చింది. రేటింగ్ చెప్పేది మీరు ఎవరి మధ్య ఆడుతున్నారో ఆ గుంపులో మీ స్థానమే, అంతకుమించి ఏమీ కాదు. పద్ధతి పక్కాగా ఉంది, ముందు జైలుకు వెళ్ళాలన్నదే చిన్న ఇబ్బంది.

జైలంటే గుర్తొచ్చింది. డబ్బు తీసుకుని ఇంకొకరి అకౌంట్‌లో ఆడి ర్యాంకు పెంచిపెట్టే బూస్టింగ్ వ్యాపారం మీద దక్షిణ కొరియా 2018లో చట్టం చేసింది. రెండేళ్ళ వరకు జైలు, రెండు కోట్ల వాన్‌ల వరకు జరిమానా. శాసనకర్తల శ్రద్ధ మెచ్చుకోదగ్గదే గానీ పని సగంలో ఆపేశారు. ఇంకొకరి ర్యాంకు పెంచడం నేరమైనప్పుడు, ఇంకొకరి ర్యాంకు తగ్గించడం ఎందుకు కాదు? ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, ముక్కూమొహం తెలియని నలుగురు ప్రతి రాత్రీ నా ర్యాంకు తగ్గిస్తున్నారు. వాళ్ళకు ఏ సెక్షనూ వర్తించదు. అలాంటి సెక్షన్ ఒకటి చేర్చేదాకా గోల్డ్‌లోనే ఉండి నిరసన తెలపాలని నిర్ణయించుకున్నాను. అదే సెక్షన్ కింద ఆ నలుగురూ నా మీద కూడా కేసు పెట్టొచ్చు కదా అని మా మిత్రుడొకడు అడిగాడు. అతను సిల్వర్‌లో ఉంటాడు కాబట్టి ఆ ప్రశ్నను పరిగణనలోకి తీసుకోవడం లేదు.