ఐపీ దాఖలుతో అప్పు తీరదు

అప్పులు పీకల మీదికి వచ్చినవారికి మన ఊళ్లలో తరచూ వినిపించే సలహా ‘ఐపీ పెట్టేయ్’ అని, అంటే కోర్టులో దివాలా పిటిషన్ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్) వేయమని. పిటిషన్ పడ్డాక ఇంటి మీదికొచ్చి అరిచేవారు కొంత తగ్గొచ్చు. అంతమాత్రాన బాకీ రద్దయిందని అప్పుపడ్డవారు, ఇక పైసా రాదని అప్పిచ్చినవారు అనుకోవడం తప్పు. ఈ అపోహ వల్ల రెండు వైపులా కుటుంబాలు నష్టపోతున్నాయి.

ఐపీ పిటిషన్లకు ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. బాకీలు తీర్చే స్తోమత లేకపోవడం మొదటి షరతు. దానికి తోడు అప్పులు 500 రూపాయలకు తగ్గకుండా ఉండాలి, లేదా బాకీ చెల్లించాలన్న కోర్టు తీర్పు (డిక్రీ) అమలులో అరెస్టో ఆస్తి జప్తో జరిగి ఉండాలి. నివాసమున్న లేదా వ్యాపారం చేస్తున్న ప్రాంతంలోని కోర్టులోనే వేయాలి. ఒకసారి వేశాక కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోలేరు.

పిటిషన్లో ఎవరికెంత ఇవ్వాలో పేరు, చిరునామాతో సహా రాయాలి. ప్రామిసరీ నోటు బాకీ, చిట్టీ బకాయి, నోటిమాట మీద తెచ్చిన చేబదులు, అన్నీ రావాలి. ఆస్తులు, వాటి విలువ, అవి ఎక్కడున్నదీ చెప్పాలి. ఖాతా పుస్తకాలతో పాటు ఆస్తినంతా కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని రాసివ్వాలి. కావాలని ఆస్తి దాచినా, లెక్కలు తారుమారు చేసినా ఏడాది వరకు జైలుశిక్ష పడొచ్చు.

కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇల్లు, పొలం ముందుగానే భార్య పేరనో బావమరిది పేరనో రాసేయడం వల్ల. రాసిచ్చిన రెండేళ్లలోపు పిటిషన్ పడి దివాలా ప్రకటన వస్తే ఆ దస్తావేజును కోర్టు కొట్టేయగలదు. నమ్మకంగా, తగిన ధర చెల్లించి కొన్నవారికి మాత్రం భయం లేదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో అందరినీ పక్కనపెట్టి ఒక్క బంధువు బాకీనే తీర్చడమూ చెల్లదు. అలా ఆస్తి చేతులు మారిన నాటి నుంచి మూడు నెలల్లోగా అప్పిచ్చినవారే కోర్టుకెళ్లి దివాలా ప్రకటన కోరవచ్చు. ఈ హక్కు చాలామందికి తెలియదు, తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

కోర్టు దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టుకు లేదా దాన్ని చూసుకోవడానికి కోర్టు నియమించే రిసీవర్‌కు దఖలు పడుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతివృత్తి పనిముట్లు, రైతు నివసించే ఇల్లు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయని మంగళసూత్రం వంటివి జప్తుకు రావు. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకు ఆ ఇంటి మీద హక్కు మాత్రం చెక్కుచెదరదు. హామీ సంతకం చేసిన స్నేహితుడికీ విముక్తి లేదు. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, కోర్టు విధించిన మనోవర్తి మిగిలే ఉంటాయి. చెల్లని చెక్కుపై క్రిమినల్ కేసు దాని దారిన అది నడుస్తుంది.

అసలు విముక్తి బాకీల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఇచ్చే డిశ్చార్జ్ ఉత్తర్వుతోనే. దాని కోసం దరఖాస్తు చేయాల్సిన గడువును దివాలా ప్రకటించేటప్పుడే కోర్టు చెబుతుంది. దివాలా ప్రకటన రాగానే పని అయిపోయిందనుకుని ఫైలు కట్టిపెట్టేవారు ఇక్కడే నష్టపోతారు. గడువు దాటితే ప్రకటన రద్దయి, పాత బాకీలన్నీ మళ్లీ మెడకు చుట్టుకుంటాయి. ఆస్తి విలువ బాకీల్లో రూపాయికి అర్ధరూపాయి చొప్పునైనా తేలకపోతే, ఆ లోటు తమ తప్పు వల్ల రాలేదని చూపించుకోవాలి. వ్యాపారస్తులైతే గత మూడేళ్ల లెక్కలు పెట్టాలి. డిశ్చార్జ్ రాకముందు తన దివాలా సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చుకున్నా ఆరు నెలల దాకా జైలు పడే నేరమే.

ఈ 500, 50 రూపాయల అంకెలు చూస్తే చట్టం ఏ కాలంలో ఆగిపోయిందో తెలుస్తుంది. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం ప్రత్యేక భాగం ఉంది. 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలు చేశారు. ఏటా 60 వేల లోపు ఆదాయం, 20 వేల లోపు ఆస్తి, 35 వేల లోపు మాఫీకి అర్హమైన అప్పు ఉండి సొంతిల్లు లేని నిరుపేదకు బాకీ మాఫీ చేసే ఏర్పాటు అందులో ఉన్నా, అది కాగితం మీదే నిలిచింది. కేంద్రం ఆ భాగాన్ని వెంటనే అమల్లోకి తేవాలి, ఆ పరిమితులను ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచాలి. విచారణను రుణ వసూలు ట్రిబ్యునళ్లకు అప్పగించడం కూడా పునరాలోచించాల్సిన విషయం. తెలుగు రాష్ట్రాల్లో అవి హైదరాబాద్, విశాఖలకే పరిమితం. పదివేల అప్పున్న కూలీ అంత దూరం వెళ్లి కేసు నడపలేడు. జిల్లా కోర్టులకే ఆ అధికారం ఇవ్వాలి.

ఈలోగా పాత చట్టం కింద వెళ్లాల్సినవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.