కరువు జిల్లా అన్న మాట చాటున ఎన్నాళ్లు దాక్కుంటారు?

నిన్న మా మండల కార్యాలయంలో వానాకాలం ముందస్తు జాగ్రత్తల మీద సమావేశం పెట్టారు. దేవరకొండ వైపు ఊళ్ల నుంచి సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, నాలాంటి కొందరు రైతులు వెళ్లాం. మా చెరువు కట్టకు తూము పక్కన గుంత పడిందని, సర్కారు తుమ్మ వేళ్లు కట్ట లోపలికి దిగాయని, రాత్రిపూట వాన ముదిరితే కట్ట కింద ఉన్న ఎస్సీ కాలనీని ఎవరు నిద్ర లేపాలో, వాళ్లను ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పమని అడిగాను. వేదిక మీద ఉన్న అధికారి పూర్తిగా వినకుండానే "మనది కరువు జిల్లా కదండీ, వరదలు, తుపానులు కోస్తా వాళ్ల బాధ. మీరు బోర్ల సంగతి చూసుకోండి" అన్నారు. ఆయన అన్నందుకు కోపం వచ్చింది గానీ, హాలులో సగం మంది ఔనన్నట్టు తలూపడం చూసి ఆ కోపం నాకు ఈ పొద్దు వరకూ చల్లారలేదు. వాళ్లంతా చెరువు కింద పొలాలున్నవాళ్లే.

ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. పాలమూరు అంటే వలస, నల్లగొండ అంటే ఫ్లోరైడ్, మన రెండు జిల్లాలకు నీళ్లు లేకపోవడం తప్ప వేరే ఆపద లేదని అందరూ తీర్మానించేశారు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగి అలంపురం మునిగినప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది కదా! జోగులాంబ గుడి ఉన్న ఊరే నీళ్లలో నిలబడితే, కర్నూలు మునిగిందని దేశమంతా చెప్పుకున్నారు గానీ మన అలంపురాన్ని తలచినవాళ్లు తక్కువ. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గరి మాచన్‌పల్లి, కోడూరు ఊళ్ల మధ్య రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్లలో పిల్లల బస్సు చిక్కుకుంటే స్థానికులు ఒక్కొక్క బిడ్డను బయటికి తీశారు. 2024 సెప్టెంబరు 1న పాత నల్లగొండ జిల్లా నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి, అదే వానకు కోదాడ వీధులు చెరువులయ్యాయి. ఇవన్నీ జరిగింది కోస్తాలో కాదు. తుపాను తీరం దాటేది ఆంధ్రలోనే అయినా దాని వాన మన మీద కురవకుండా ఆగదని 2025 అక్టోబరులో మొంథా తుపాను కూడా చూపించింది.

నాకు అన్నిటికంటే గుచ్చుకునేది సరళాసాగర్. వనపర్తి సంస్థానం కాలంలో తలపెట్టిన ఆ ప్రాజెక్టుకు, నీటిమట్టం ఒక ఎత్తుకు చేరగానే మనిషి చెయ్యి పడకుండా వాటంతట అవే నీళ్లు వదిలే సైఫన్లు ఉన్నాయని మన మాస్టార్లు గర్వంగా చెప్పేవారు. ఏళ్ల తరబడి నిండని ఆ జలాశయం నిండిందని జనం సంతోషించిన ఏడాదే, 2019 డిసెంబరు 31న, దాని కట్ట తెగింది. అది వానాకాలం కాదు, తుపాను లేదు, హెచ్చరిక పంపడానికి ఆకాశంలో మబ్బు కూడా లేదు. కట్టకు గండి పడడానికి కుండపోత వానే అక్కర లేదని, నిలిచిన నీళ్ల బరువు చాలునని అర్థం చేసుకోవడానికి మనకు అంతకంటే పెద్ద పాఠం ఏం కావాలి?

కరువు జిల్లా కాబట్టి వరద రాదనడం తప్పు మాత్రమే కాదు, అసలు సంగతిని తలకిందులు చేయడం. కరువు వల్లనే మన దగ్గర వరద ప్రమాదకరంగా మారుతుంది. చెరువు నాలుగైదేళ్లు ఎండితే కట్ట మట్టి బీటలు వారుతుంది, ఎలుకలు, ఎండ్రకాయలు బొక్కలు చేస్తాయి, తుమ్మలు మొలుస్తాయి. నీళ్లు రావని ధైర్యం వచ్చిన కొద్దీ చెరువు లోపలి శిఖం భూమి దున్నేవాళ్లు, ఫీడర్ కాలువ పూడ్చి ప్లాట్లు చేసేవాళ్లు, చేపలు పోతాయని అలుగు మీద రాళ్లు పేర్చి ఎత్తు పెంచేవాళ్లు ఎక్కువవుతారు. ఆ తర్వాత ఒక రాత్రి వాన పడుతుంది. పై ఊరి చెరువు తెగితే ఆ నీళ్లు కింది ఊరి చెరువు మీద పడతాయి, అది తెగితే దాని కిందది. మన చెరువులను గొలుసుగా కట్టిన పెద్దలకు ఇది తెలుసు కాబట్టే కట్టను చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, చాలా కట్టలను బలపరిచారు, అది నిజంగా మంచి పని. అయితే కట్ట ఒకసారి బాగు చేసి వదిలేస్తే నిలిచేది కాదు, ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూడాలి.

ఆ నడిచే మనిషిని తీసేశారన్నదే నా అసలు బాధ. మా ఊళ్లో నీరటి ఉండేవాడు. ఎన్ని జానల నీళ్లున్నాయో, తూము ఎంత ఎత్తాలో, అలుగు ఎప్పుడు పారుతుందో ఆయనకు తెలుసు, రాత్రి వాన పడితే లాంతరు పట్టుకుని కట్ట మీదికి పోయేవాడు. సుంకరి డప్పు కొట్టి చాటింపు వేస్తే గంటలో ఊరంతటికీ కబురు చేరేది. ఆ పనులు కులం మీద మోపిన వెట్టిగా నడిచాయి, ఆ వెట్టి పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వెట్టితో పాటు పని కూడా పోయింది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారులైన వీఆర్వోలను తీసేశారు, నీరటి, సుంకరి పనులకు వారసులైన గ్రామ సహాయకులు వీఆర్ఏలను 2023లో వేరే శాఖల్లో సర్దారు. 2024 ఆరంభంలో సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఆ సెప్టెంబరులో వరద వచ్చేసరికి ఊరికి సర్పంచు లేడు, వీఆర్వో లేడు, కావలికారు లేడు. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు, సంతోషమే. వాళ్లలో ఎంతమందికి తమ ఊరి తూము ఎక్కడుందో చూపించారు?

వాగుల సంగతీ అంతే. మన వాగులకు పైన ఎక్కడో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే ప్రవాహం వస్తుంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, ఏ మండలంలో ఎంత కురిసిందో హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. 115.6 మిల్లీమీటర్లు దాటితే అతి భారీ వర్షమని వాతావరణ శాఖ లెక్క. పై మండలంలో ఎంత కురిస్తే మా కల్వర్టు ఎన్ని గంటలకు మునుగుతుందన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కారు తేలుతుంది, రెండడుగులైతే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి, బైకు గురించి చెప్పనే అక్కర లేదు. అయినా ప్రతి వానకూ కల్వర్టు దగ్గర ఒక ముళ్లకంప అడ్డం పెట్టి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టి వెళ్లిపోతారు. చీకట్లో వచ్చే పాల బండి అబ్బాయికి ఆ కంప ఎలా కనిపిస్తుంది?

పిడుగు మాట ఎత్తితే నా గొంతు పూడుకుపోతుంది. తొలకరికి పత్తి గింజలు పెట్టే రోజుల్లోనే ఉరుములు ఎక్కువ. వాన మొదలైతే చేనులో ఉన్న ఆడవాళ్లు వేపచెట్టు కిందికో చింతచెట్టు కిందికో పరుగెత్తుతారు, గొర్ల కాపరి మందను అక్కడికే తోలుతాడు. పిడుగు చెట్టు మీద పడితే దాని కింద ఉన్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పారుతుంది, అందుకే మందకు మంద ఒక్కసారే కూలిపోతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై లెక్కపెట్టే లోపే చప్పుడు వినిపిస్తే పిడుగు మన దాకా వచ్చినట్టే, వెంటనే చేను వదిలి గట్టి కప్పున్న ఇంట్లోకి పోవాలి. దామిని యాప్ ముందే చెబుతుంది, నిజమే, కానీ కూలికి వచ్చిన అక్క చేతిలో ఉన్నది బటన్ల ఫోను. గుడి మైకు, మసీదు మైకు, పంచాయతీ మైకు ఊరూరా ఉన్నాయి, ఆ మూడింటిలో ఒక్కదానిలో కేక వేయించడానికి ఏ నిధులూ అక్కర లేదు.

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉండాలని, జిల్లాలో ఏ ప్రాంతానికి ఏ ముప్పు ఉందో ప్రణాళికలో రాయాలని, స్థానిక సంస్థల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం ఇచ్చే నిబంధన గురించి అందరికీ తెలుసు, ఎందుకంటే చెక్కు ఇచ్చేటప్పుడు పత్రికలవాళ్లు వస్తారు. ఆ కుటుంబం పెద్దదిక్కు బతికి ఉండేలా చూడమన్న మిగతా చట్టాన్ని ఎవరూ చదవరు.

వచ్చే గ్రామసభలో నేను వీటిని తీర్మానంగా రాయించబోతున్నాను. వానలకు ముందు, చెరువు పూర్తిగా నిండిన రోజు, కట్ట మీద నడిచి చూసే ఇద్దరి పేర్లు కావాలి, వాళ్లకు కూలి కట్టివ్వాలి. కాలనీలో నడవలేని ముసలివాళ్లు, నిండు చూలాళ్లు ఎవరెవరో, రాత్రిపూట ఎవరి ట్రాక్టరు వాళ్లను బడికి చేర్చాలో రాసి ఉండాలి. పై ఊరి చెరువు దగ్గర ఎవరికి ఫోన్ చేయాలో, కల్వర్టు దగ్గర టార్చితో ఎవరు నిలబడాలో, మైకు తాళం ఎవరి దగ్గర ఉంటుందో పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. మీ ఊళ్లలో కూడా ఇదే అడగండి. కరువు జిల్లా కదా అని ఎవరైనా అంటే, మీ చెరువు చివరిసారి ఎప్పుడు అలుగు పారిందో, ఆ రోజు కట్ట మీద ఎవరున్నారో చెప్పమని అక్కడే నిలదీయండి.