కోచ్ రెజ్యూమేలో పిల్లలు ఎక్కడున్నారు?

పాఠశాలల్లో కోచ్ ఉద్యోగాలకు వచ్చే దరఖాస్తులను చదివే పని అప్పుడప్పుడు నా మీద పడుతూ ఉంటుంది, చదివిన ప్రతిసారీ అదే చిరాకు కలుగుతుంది. మొదటి పేజీ నిండా అభ్యర్థి ఆడిన టోర్నమెంట్లు, గెలిచిన పతకాలు, వాటిని ఎవరి చేతుల మీదుగా అందుకున్నారన్న వివరాలు ఉంటాయి. రెండో పేజీ అడుగున, అదీ చోటు మిగిలితే, "పిల్లలకు శిక్షణ ఇచ్చిన అనుభవం ఉంది" అన్న ఒక్క వాక్యం కనిపిస్తుంది. పాఠశాల జీతం ఇవ్వబోయేది ఆ ఒక్క వాక్యంలో ఉన్న పనికే అన్న సంగతి రాసినవారికి తట్టినట్టు లేదు.

మంచి ఆటగాడు కావడం చిన్న విషయమని నేను అనడం లేదు. అయితే ఆడటం వేరు, ఆడించడం వేరు. ఇటలీ కోచ్ అరిగో సాకి ఎన్నడూ వృత్తి ఫుట్‌బాల్ ఆడలేదు, అయినా ఆయన శిక్షణలో అక్కడి ఏసీ మిలాన్ క్లబ్ 1989లోనూ 1990లోనూ వరుసగా యూరోపియన్ కప్ గెలిచింది. పతకాలు లేనివారు రెజ్యూమే మొదట్లోనే సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం లేదు, పతకాలు ఉన్నవారు వాటితోనే పేజీ నింపవలసిన అవసరమూ లేదు. ఆటగాడిగా సాధించినవాటికి రెండు మూడు పంక్తులు చాలు.

మిగిలిన చోటులో ఏం రాయాలన్నదే అసలు ప్రశ్న. "అండర్-14 బాలికల వాలీబాల్ జట్టుకు రెండేళ్లు శిక్షణ ఇచ్చాను" అని రాస్తే చదివేవారికి తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. అదే అనుభవాన్ని ఇలా రాయవచ్చు: "వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున, నలభై మంది బాలికలకు రెండు నెట్లతో శిక్షణ ఇచ్చాను, వారిలో సగానికి పైగా అంతకు ముందు బంతి పట్టనివారే, ఏడాది చివరికి ముప్పై మూడు మంది కొనసాగారు." అంకెలు ఉదాహరణకు వేసినవే అయినా, ఆ వాక్యం ఎన్ని ప్రశ్నలకు జవాబు చెబుతుందో చూడండి. పెద్ద గుంపును తక్కువ సామగ్రితో ఖాళీగా నిలబెట్టకుండా ఆడించగలరా, కొత్తవారికి మొదటి నుంచి నేర్పగలరా, పిల్లలు వీరి దగ్గర నిలుస్తారా అని సెలెక్షన్ కమిటీ మనసులో తిరిగేవి ఇవే. ఎంతమంది మానేశారన్న లెక్క కూడా దాచకుండా రాసినవారి మీద నాకు వెంటనే గౌరవం కలుగుతుంది. హాజరు పట్టీ రాసే అలవాటు లేనివారికి ఆ లెక్క తెలిసే అవకాశమే లేదు.

గెలుపోటముల శాతాలు నన్ను అంతగా కదిలించవు, అందుకు కారణం ఉంది. చిన్న వయసు విభాగాల్లో గెలుపు చాలావరకు పిల్లలు ఎంత ముందుగా ఎదిగారన్న దాని మీద ఆధారపడుతుంది. వయసు లెక్కకు పెట్టిన గడువు తేదీ దాటిన వెంటనే పుట్టినవారు, ఆ విభాగంలో చివరి నెలల్లో పుట్టినవారికంటే దాదాపు ఏడాది పెద్దవారు. ఎంపికయ్యే జట్లలో ఇలాంటి పెద్ద పిల్లలే ఎక్కువగా ఉంటారని కెనడా ఐస్ హాకీలో పరిశోధకులు 1980లలోనే చూపించారు. పదమూడేళ్ల వయసులో ఆరు అంగుళాలు ఎక్కువ ఎదిగిన కుర్రాళ్లను ఏరుకుని గెలవడం శిక్షణలో గొప్పతనం కాదు. ఒక్కసారి మాత్రం, ఎత్తు బరువులను బట్టి సాధనను విడగొట్టి, ఆలస్యంగా ఎదిగే పిల్లలకు వేరే పాత్రలు ఇచ్చానని ఒక అభ్యర్థి రాశారు. ఆ దరఖాస్తును కట్టలోంచి తీసి పైన పెట్టాను.

భద్రత గురించి రాసే తీరు చూస్తే మరీ కోపం వస్తుంది. "ప్రథమ చికిత్స తెలుసు" అని రాయడం వల్ల ఉపయోగం లేదు. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కుతూ చేసే ప్రాణరక్షణ) ధ్రువపత్రాలు సాధారణంగా రెండేళ్లకే చెల్లుతాయి కనుక ఏ సంస్థ ఇచ్చింది, ఎప్పుడు ఇచ్చింది, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి స్పష్టంగా ఉండాలి, ఆగిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే ఏఈడీ పరికరం వాడటం కూడా నేర్చుకున్నారా లేదా అన్నదీ ఉండాలి. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరి దాని పనితీరు దెబ్బతినడం) అనుమానం వస్తే ఆ విద్యార్థిని ఆ రోజు మళ్లీ ఆటలోకి దింపకూడదన్నది అంతర్జాతీయ నిపుణులు ఏకాభిప్రాయంతో చెప్పిన నియమం. వ్యాయామం వల్ల వడదెబ్బ తగిలితే ముందు శరీరాన్ని వేగంగా చల్లబరచాలి, తరలింపు ఆ తరువాత. ఇవి తెలిసిన కోచ్ తన రెజ్యూమేలో "మ్యాచ్ రోజున అత్యవసర ప్రణాళిక నేనే తయారుచేసేవాణ్ని" అని ఒక పంక్తి రాస్తే చాలు, ఇంటర్వ్యూలో మిగతాది మేమే అడుగుతాం.

పిల్లల రక్షణ కూడా ఇందులో భాగమే. పిల్లలతో పనిచేయబోయేవారి నేర చరిత్రను చూసే తనిఖీలు, బ్రిటన్‌లో డీబీఎస్ తనిఖీ, ఆస్ట్రేలియాలో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ వంటివి ఉన్నాయి. ఎక్కడ దరఖాస్తు చేస్తే అక్కడ అమలులో ఉన్న తనిఖీ పూర్తయిందనో, అందుకు సిద్ధంగా ఉన్నాననో అడగకముందే రాయడం మంచిది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడిగా పనిచేసిన లారీ నాసర్‌కు, బాలికలపై లైంగిక దాడుల కేసుల్లో 2018లో శిక్షలు పడిన తరువాత కూడా ఈ అంశాన్ని లాంఛనంగా చూసే అభ్యర్థులున్నారు. వారిని పిల్లల దగ్గరకు పంపడానికి నా మనసు ఒప్పుకోదు.

శిక్షణ అర్హతల విషయంలో చిన్న మోసాలు ఎక్కువ. ఫుట్‌బాల్‌లో సీ, బీ, ఏ, ప్రో అంటూ లైసెన్సులకు మెట్లున్నాయి, చాలా ఆటల్లో ఇలాంటి అంచెల వ్యవస్థే ఉంది. ఒక్క పూట సదస్సులో కూర్చుని తెచ్చుకున్న హాజరు పత్రాన్ని "సర్టిఫైడ్ కోచ్" అని రాసుకోవడం ఆ మెట్లన్నీ ఎక్కినవారిని అవమానించడమే. అలాగే సహాయ కోచ్‌గా ఉన్న ఏడాదిని "నా సారథ్యంలో జట్టు గెలిచింది" అని రాయడం కూడా తప్పే. సహాయకుడిగా గోల్‌కీపర్ల సాధన చూసుకున్నానని రాస్తే దాని విలువ దానికి ఉంటుంది.

ఇక రెజ్యూమేల పైభాగంలో వెలిగిపోయే "క్రమశిక్షణ, అంకితభావం, నాయకత్వ లక్షణాలు కలిగిన ఉత్సాహవంతుణ్ని" వంటి వాక్యాలలో విషయం నేతిబీరకాయలో నెయ్యి ఉన్నంతే. అంతకంటే ఏ వయసువారికి, ఏ ఆటలో, ఎన్నేళ్లు నేర్పారో రెండు పంక్తుల్లో చెప్పడం మేలు. రూపం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: రెండు పేజీలు మించకూడదు, రంగుల పెట్టెలూ పక్కపక్క నిలువు వరుసలూ వద్దు, ఎందుకంటే దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ వాటిని తరచూ తప్పుగా చదువుతుంది.

తప్పంతా అభ్యర్థులదే అనడం కూడా న్యాయం కాదు. "జాతీయ స్థాయి క్రీడాకారులకు ప్రాధాన్యం" అని ప్రకటన ఇచ్చి, పిల్లల గురించి ఒక్క మాట కూడా అడగని పాఠశాలలకు పతకాల జాబితాలే వస్తాయి. గోడ మీద వేలాడదీయడానికి ఒక పేరు కావాలనుకునే యాజమాన్యాలు మైదానంలో సాయంత్రం ఏం జరుగుతోందో చూడవు. అయినా అభ్యర్థి తన పనిని తాను చెప్పుకోవలసిందే, ప్రకటన అడగకపోయినా సరే.

చివరగా, రెఫరెన్సులుగా ఇచ్చే పరిచయస్తుల పేర్లు. క్రీడా సంఘాల పదవుల్లో ఉన్న పెద్దల పేర్లు ఇవ్వడం అలవాటుగా మారింది, వారిలో చాలామంది అభ్యర్థి పిల్లలతో మాట్లాడుతుండగా ఒక్కసారి కూడా చూసి ఉండరు. దాని బదులు గత పాఠశాల ప్రధానోపాధ్యాయుల పేరో, పక్క మైదానంలో పనిచేసిన సహోద్యోగి పేరో, వారి అనుమతి తీసుకుని ఇవ్వండి. మేము ఫోన్ చేస్తాం, జట్టు ఓడిన రోజున ఈ వ్యక్తి పిల్లలతో ఎలా ప్రవర్తించేవారని అడుగుతాం. అవతలివారు తడుముకోకుండా చెప్పగలిగితే, ఆ రెజ్యూమేలో పతకాలు ఎన్ని ఉన్నాయో మేము మళ్లీ వెనక్కి తిప్పి చూడం.