గేరు వరుసలో అట్టడుగున ఉన్న ‘ఎల్’ గారికి

మహారాజశ్రీ ‘ఎల్’ గారికి,

మూడేళ్లుగా ఒకే ఆటోమేటిక్ గేర్ల కారులో ఉంటున్నా తమరికి ఒక్కనాడూ నమస్కారం పెట్టని వాహనదారుడు రాసుకుంటున్న లేఖ. కారు కొన్ననాడు షోరూం కుర్రాడు పైకప్పు తెరుచుకునే తీరును అరగంట వివరించాడు గాని, పి, ఆర్, ఎన్, డి తరువాత కూర్చున్న తమరెవరని అడిగితే, “అది మీకు అవసరం పడదు సార్” అని తేల్చేశాడు.

ఆ మాట పట్టుకుని, గత వేసవిలో తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు మీద, మామూలుగా బండిని ముందుకు నడుపుతూ గేర్లు తానే మార్చే ‘డి’ గారినే నమ్ముకున్నాను. 1944 నాటి ఆ దారిలో 40 నిమిషాల లోపు కిందికి చేరకూడదన్న నియమాన్ని పూర్తిగా నా కుడికాలే పాటించింది. యాక్సిలరేటర్ వదలగానే ఇక శ్రమ తీరిందనుకుని ‘డి’ గారు పై గేరుకు మారడం, ఇంజిను పట్టు సడలి బండి ఉరకడం, నేను బ్రేకు తొక్కడం, మలుపు మలుపుకూ ఇదే తంతు. ఒకటిన్నర టన్నుల బండి 700 మీటర్లు దిగితే పుట్టే వేడి సుమారు 30 లీటర్ల చన్నీళ్లను మరిగిస్తుంది. అందులో సింహభాగాన్ని అరచేయంత లేని బ్రేకు ప్యాడ్ల నెత్తిన పెట్టాను. మాడు వాసన వస్తే ముందున్న బస్సును తిట్టుకున్నాను. ఆఖరి మలుపుల్లో పెడల్ నానిన అటుకుల్లా మెత్తబడి లోపలికి దిగిపోయినప్పుడు, కొండ మీద కంటే ఎక్కువ గోవిందలు పలికాను.

అలిపిరిలో చక్రాల మీద నీళ్లు పోయబోతే ఒక లారీ డ్రైవరు వారించి, “ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి సార్” అన్నాడు. గాలి అందక ఇంజిను పడే ఆయాసమే చక్రాలను వెనక్కి లాగి పట్టుకుంటుందని, బండిని కింది గేరులోనే ఉంచి ఆ పని చేయించేది తమరేనని అప్పుడు తెలిసింది. (పెట్రోలు ఆదా అవుతుందని ‘ఎన్’ (న్యూట్రల్) గారిని సిఫారసు చేసే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. గేరులో దిగుతున్నంతసేపు నేటి ఇంజిన్లు చాలావరకు పెట్రోలే తాగవని, న్యూట్రల్‌లోనే చుక్క చుక్కా తాగుతాయని వారికి చెప్పి చూశాను.)

మొన్నటి యాత్రలో తమరిని ఆశ్రయించాను. ఇంజిను గట్టిగా అరిచింది. వెనుక సీట్లోంచి మా అత్తగారు “బండి ఏడుస్తోంది, ఆపు నాయనా” అన్నారు. అయినా పెడల్ గట్టిగానే ఉంది. కాకపోతే అలిపిరి దాటాక తమరికి సెలవివ్వడం మరచి, రేణిగుంట దాకా అదే ఏడుపుతో నడిపాను.

ఇట్లు,
తమరి విధేయుడు